ఉపవాసం, పస్తు, ఒక సైకిలు

సైకిలుకి ఎన్ని గేర్లుండాలి అన్నది ధర్మసందేహం ఎలా అవుతుందని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ నాలుగేళ్ళుగా ఒక్క గేరే ఉన్న సైకిలు మీద ఆఫీసుకి వెళ్ళొస్తూంటే, చూసినవాళ్ళందరూ తిప్పి తిప్పి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "కొనుక్కోగలవు కదా, ఎందుకిలా?" తెల్లవాళ్ళు వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడాక అడుగుతారు. మనవాళ్ళు చెప్పులు విప్పకముందే అడిగేస్తారు. ఎవరు ఎలా అడిగినా దాని వెనక ఉన్న అసలు ప్రశ్న చాలా పాతది. చేతికందే సుఖాన్ని కావాలని వదులుకోవడం మంచి పనా, లేక కడుపు నిండినవాడు వేసే వేషమా?

ముందు ఆ సైకిలేమిటో చెప్పాలి. హెర్క్యులిస్, అట్లాస్, హీరో సైకిళ్ళ మీద పెరిగిన మనకి ఒక్క గేరు వింతేమీ కాదు. మనం తొక్కినవన్నీ అవే. అడ్డతొక్కుడు నేర్చుకున్నదీ, మోకాళ్ళు చీరుకున్నదీ వాటి మీదే. న్యూజీలాండులో మాత్రం షాపులోకి వెళ్ళి గేర్లు లేని సైకిలు కావాలంటే, షాపువాడు మిమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూస్తాడు. అయితే పిల్లల సైకిళ్ళ వరసైనా చూపిస్తాడు, లేదా "ఓహో, మీరు ఆ బాపతా" అన్నట్టు నవ్వుతాడు.

ఒక్క గేరు సైకిళ్ళలోనూ రెండు రకాలున్నాయి. మన ఊళ్ళలో ఉండేదానికి వెనక చక్రంలో ఫ్రీవీలు ఉంటుంది. తొక్కడం ఆపేస్తే చక్రం దాని దారిన అది తిరుగుతూ టిక్ టిక్ మంటుంది. పల్లంలో కాళ్ళు చాపుకుని గాలికి చొక్కా ఎగరేసుకుంటూ వెళ్ళడం ఆ ఫ్రీవీలు పుణ్యమే. రెండోది ఫిక్స్‌డ్. దానికి ఫ్రీవీలు ఉండదు, వెనక పళ్ళ చక్రం హబ్బుకి బిగించేసి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి, వాటితోబాటు మీ కాళ్ళూ. పల్లంలో కూడా తొక్కాల్సిందే. మరిచిపోయి కాళ్ళు బిగపట్టారో, సైకిలు మిమ్మల్ని సీటు మీంచి ఎత్తి కుదేస్తుంది. మొదటి వారంలో నాకు ఈ పాఠం మూడుసార్లు అయింది. ఇక్కడ కేంబ్రిడ్జి ఊళ్ళో ఉన్న వెలోడ్రోములో పందేలవాళ్ళు తొక్కేదీ, జపానులో 1948 నుంచి కైరిన్ పేరుతో నడుస్తున్న పందేల్లో తొక్కేదీ ఇలాంటివే. వాటికి బ్రేకులు కూడా ఉండవు.

రోడ్డు మీదకి వస్తే మాత్రం ఈ దేశపు చట్టం ఒప్పుకోదు. 1988 తర్వాత తయారైన సైకిలుకి ముందూ వెనకా రెండు బ్రేకులూ ఉండాలి. 1994 నుంచి హెల్మెట్ కూడా తప్పనిసరి. (ఈ నియమాలు చూసే ప్రభుత్వ రవాణా సంస్థకీ, ఆక్లండులో ఉన్న మన తెలుగు సంఘానికీ ఇంగ్లీషులో పొట్టి పేరు ఒక్కటే, ఎన్‌జెడ్‌టీఏ. ఉగాది కార్యక్రమం గురించి వెతుకుతూ లైసెన్సు రెన్యూవల్ పేజీ చదివిన సందర్భాలు నాకున్నాయి.) నా సైకిలుకి రెండు బ్రేకులూ ఉన్నాయి. వెనక చక్రానికి ఒకవైపు ఫిక్స్‌డ్, రెండోవైపు ఫ్రీవీలు. నట్లు విప్పి చక్రాన్ని తిప్పి బిగిస్తే సైకిలు స్వభావమే మారిపోతుంది. నేను ఎక్కువగా ఫిక్స్‌డ్ వైపే ఉంచుతాను.

నేనుండేది క్రైస్ట్‌చర్చిలో, హాల్స్‌వెల్ అనే పేటలో. అక్కణ్ణించి ఊరి నడిబొడ్డుకి క్వారీమాన్స్ ట్రెయిల్ అని సైకిళ్ళ కోసమే వేసిన దారి ఉంది. సుమారు ఎనిమిది కిలోమీటర్లు. ఊరంతా అరచెయ్యిలా చదును. వెల్లింగ్టనులోనో డునీడిన్‌లోనో ఉండి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణే కాదు, అక్కడి ఎత్తులకి గేర్లు లేకుండా నా బోటివాడు బతకలేడు. నా సైకిలు ముందు చక్రానికి 42 పళ్ళు, వెనక 17. పెడలు ఒక చుట్టు తిరిగితే అయిదు మీటర్ల పైచిలుకు ముందుకెళ్తుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి 25 కిలోమీటర్ల వేగం. మార్చడానికి ఇంకేమీ లేదు. వేగం కావాలంటే కాళ్ళు గబగబా తిప్పాలి, వద్దంటే నెమ్మదిగా తిప్పాలి.

చదునైన ఊళ్ళో కొండల పాత్ర గాలి పోషిస్తుంది. ఇక్కడి నార్‌వెస్టర్ గాలి గురించి వినే ఉంటారు. పడమటి కొండలు దాటి వేడిగా, పొడిగా వచ్చి పక్కనించి తోస్తుంది. దాని కన్నా నాకు గుర్తుండిపోయేది చలికాలంలో సాయంత్రం పూట ఎదురొచ్చే దక్షిణపు గాలి. మంచు ముక్కలు కలిసిన వాన మొహాన కొడుతుంటే, పక్కనించి గేర్ల సైకిలు మీద ఒక ముసలాయన చిన్న గేరు వేసుకుని, గిర్రున కాళ్ళు తిప్పుకుంటూ, నాకేసి జాలిగా చూస్తూ దాటిపోతాడు. అలాంటప్పుడు త్యాగం గొప్పతనం గురించి ఆలోచనలేవీ రావు.

గేర్లు లేకపోతే కష్టం ఎక్కువ అనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. సైకిలుతో కలిపి 80 కిలోల మనిషి వంద మీటర్ల ఎత్తు ఎక్కాలంటే కావలసిన శక్తి సుమారు 78 కిలోజౌళ్ళు. మన కండరాలు తిన్నదాంట్లో నాలుగో వంతే పనిగా మారుస్తాయి కాబట్టి మొత్తం 75 క్యాలరీలు. అంటే రెండు చిన్న ఇడ్లీలు. గేర్లున్నా రెండు ఇడ్లీలే, లేకపోయినా దాదాపు రెండు ఇడ్లీలే. ఆ రెండు ఇడ్లీల శక్తిని మోకాళ్ళ మీద ఒక్కసారిగా పెట్టాలా, కాస్త కాస్తగా పెట్టాలా అన్నది మాత్రమే గేరు తేలుస్తుంది.

1902లో రెండు సంగతులు జరిగాయి. ఆ మరుసటి ఏడు టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టబోతున్న ఆంరీ దెగ్రాంజ్ అనే ఫ్రెంచి పెద్దమనిషి, గేర్లు నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళకే గాని మగతనం ఉన్నవాళ్ళకి ఎందుకన్న ధోరణిలో రాశాడు. రాసి ఊరుకోలేదు. ఆయన పెత్తనం సాగినన్నాళ్ళూ ఆ పందెంలో గేర్లు మార్చే డిరెయిలర్‌ని రానివ్వలేదు. 1937 దాకా దానికి అనుమతి లేదు. సరిగ్గా అదే 1902లో, మా ఊరికి దక్షిణాన టిమారూ దగ్గర రిచర్డ్ పియర్స్ అనే రైతు కొత్తరకం సైకిలుకి పేటెంటు తీసుకున్నాడు. వెదురు చట్రం, గుండ్రంగా కాక పైకీ కిందకీ ఆడే పెడళ్ళు, కడ్డీలతో పనిచేసే గేర్లు, చక్రంలోనే గాలిపంపు. తర్వాత ఆయన విమానం కూడా కట్టాడు. ఈ ఇద్దరిలో నాకు ఎవరిష్టం అంటే పియర్సే. ఎదటివాళ్ళ కాళ్ళకి కష్టం విధించి దాన్ని పౌరుషం అన్నవాడి కన్నా, పొలం పనులు చేసుకుంటూ తన కాళ్ళకి సుఖం వెతుక్కున్నవాడే నయం. అయినా తొక్కేది మాత్రం దెగ్రాంజ్ మెచ్చే సైకిలు! వచ్చే ఏడాదో ఆపై ఏడాదో ఆయన పెట్టిన వయసు గీత నేనూ దాటేస్తాను, అప్పుడు గేర్లకి ఆయన అనుమతి కూడా దొరుకుతుంది.

ఫిక్స్‌డ్ సైకిలు తొక్కేవాళ్ళలో కొంతమంది దీని గురించి యోగశాస్త్రంలా మాట్లాడతారు. మనిషీ యంత్రమూ ఏకమైపోతాయనీ, రోడ్డు గుండె చప్పుడు పాదాలకి తెలుస్తుందనీ. నాకు పాదాలకి తెలిసింది చాలావరకు చలే. నా కారణాలు ఇంకా చప్పగా ఉంటాయి. మా వృత్తిలో రోజంతా ఆప్షన్ల మధ్యే బతుకు. క్లయింటుకి పది దారులు చూపించి, పదింటి లాభనష్టాలూ పట్టికలు కట్టి, వాళ్ళు పదకొండోది ఎంచుకుంటే తల ఊపి వస్తాం. సాయంత్రం సైకిలెక్కాక తీసుకోవాల్సిన నిర్ణయం లేకపోవడం నాకు హాయి. చైనుకి నూనె, టైర్లకి గాలి, అంతకుమించి పని లేదు. ఇది పుణ్యమని నేను అనను. ఇష్టం అంతే.

అంతటితో సరిపోయేదే, నాన్నగారు లేకపోతే.

మా నాన్నగారు గోదావరి జిల్లాలో ప్రాథమిక పాఠశాల మాస్టారుగా చేశారు. మా ఊరి నుంచి ఆ బడికి కాలవ గట్టు మీదుగా తొమ్మిది కిలోమీటర్లు. నల్ల హెర్క్యులిస్ సైకిలు, వెనక క్యారియర్‌కి కారియరు గిన్నె, హ్యాండిలుకి గొడుగు. వానాకాలంలో గట్టు మీద రేగడి మన్ను మడ్‌గార్డుల్లో పేరుకుపోయి చక్రం తిరక్కపోతే, సైకిల్ని భుజానికెత్తుకుని నడిచిన రోజులున్నాయి. 1992లో సెకండ్ హ్యాండ్ బజాజ్ స్కూటరు కొన్నారు. ఆ సాయంత్రం మా అమ్మ స్కూటరుకి పసుపు, కుంకుమ పెట్టింది. సైకిలు పాలవాడి కొడుక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాన్నగారు సైకిలెక్కగా నేను చూడలేదు, ఒక్కసారి కూడా.

నేను సైకిలు మీద ఆఫీసుకి వెళ్తున్నానని తెలిసినప్పుడు ఆయన ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సైకిలు తొక్కడానికి న్యూజీలాండు దాకా ఎందుకురా? ఇక్కడే తొక్కేవాడివిగా," అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ నేను గేర్లు, పర్యావరణం, ఆరోగ్యం అంటూ ఏదో చెప్పబోతే, "నీకు ఆ అవసరం రాకూడదనే కదరా," అని ఆపేశారు.

ఈ మాటకి జవాబు చెప్పడం కష్టం. ఆయన ముప్పై ఏళ్ళు తొక్కింది నేను తొక్కకుండా ఉండటానికైతే, నేను తొక్కడం ఆయన కష్టాన్ని గౌరవించడమా, వెక్కిరించడమా?

అమర్త్య సేన్ చేసిన ఒక విభజన ఇక్కడ పనికొస్తుంది. తిండి ఉండి తిననివాడూ, తిండి లేక తిననివాడూ చూడటానికి ఒకేలా ఉంటారు. ఇద్దరి కడుపూ ఖాళీయే. కానీ ఒకరికి తినే వీలుంది, రెండోవారికి లేదు. మనిషి బాగోగులు కొలిచేటప్పుడు చేతిలో ఏముందో కాక, ఏం చేయగలడో చూడాలంటాడాయన. దానికి ఆయన తీసుకున్న ఉదాహరణల్లో సైకిలు కూడా ఉంది. సైకిలు ఒక వస్తువు, దానివల్ల వచ్చే 'వెళ్ళగలగడం' వేరే సంగతి. ఇంగ్లీషువాళ్ళకి ఇంత వివరించాల్సి వచ్చింది గానీ, మన భాషలో రెండు మాటలు ఎప్పట్నించో ఉన్నాయి. మొదటిది ఉపవాసం, రెండోది పస్తు. నాన్నగారిది పస్తు. నాది ఉపవాసం. ఒకే పళ్ళ చక్రం, ఒకే చైను, అయినా రెండు వేరు వేరు సైకిళ్ళు.

ఇది ఒప్పుకున్నాక చాలా గొప్పలు వాటంతటవే రాలిపోతాయి. సైకిలు తొక్కితే పేదవాడి కష్టం తెలుస్తుందన్న మాట నేను నమ్మను. గ్యారేజీలో టయోటా ఉండగా, వానొస్తే తాళం చెవి తీసుకునే వీలుండగా, నాకు తెలిసేది నా కష్టమే. రోములో సెనెకా అనే తత్వవేత్త నెలకి కొన్ని రోజులు ముతక బట్ట, ఎండు రొట్టెతో పేదరికం సాధన చెయ్యమని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆయన ఆ రోజుల్లో రోము మహాసంపన్నుల్లో ఒకడు. సాధన చేసిన పేదరికానికీ నిజం పేదరికానికీ తేడా, రేపు సాయంత్రం ఇది ఆగుతుందని తెలియడమే. కాలవ గట్టు మీద మా నాన్నగారికి ఆ 'రేపు సాయంత్రం' లేదు.

మరి సైకిలు పస్తుకి గుర్తేనా అంటే, అదీ కాదు. మా ఊళ్ళోనే 1892లో అటలాంటా అనే ఆడవాళ్ళ సైకిలు క్లబ్బు పెట్టారు. ఆ క్లబ్బు తొలి సభ్యుల్లో ఒకావిడ కేట్ షెపర్డ్. ఇక్కడి పది డాలర్ల నోటు మీద కనిపించే ముఖం ఆవిడదే. మరుసటేడాది, 1893 సెప్టెంబరు 19న, ఈ దేశపు ఆడవాళ్ళకి ఓటు హక్కు వచ్చింది. దేశస్థాయిలో అది ప్రపంచంలోనే మొదలు. అప్పటికి ఫ్రీవీలు ఇంకా వాడుకలోకి రాలేదు, అది జనసామాన్యానికి అందింది దాదాపు 1900 ప్రాంతంలో. అంటే ఆ క్లబ్బు స్త్రీలు నేల జీరాడే గౌన్లతో తొక్కినవి ఫిక్స్‌డ్ సైకిళ్ళే. వాళ్ళ దృష్టిలో అది నిరాడంబరత కాదు, అప్పటికి దొరికే అతి కొత్త యంత్రం, ఇంట్లో మగవాణ్ణి బండి కట్టమని అడక్కుండా బయటికెళ్ళే దారి.

తర్వాత వందేళ్ళకి, 1991లో, తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకి సైకిలు నేర్పించారు. కలెక్టరు షీలా రాణి చుంకత్ దాన్ని ముందుండి నడిపించారు. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారని మన వి.వి. గిరి మనవడు పి. సాయినాథ్ రాశారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళు తొక్కారట. కొందరికి అవే నచ్చాయట, ముందు కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. ఆ సైకిళ్ళకీ గేర్లు లేవు. క్వారీ పనికి పోయే ఆడమనిషికి అది బస్సు కోసం కాచుకోనక్కర్లేని స్వేచ్ఛ. ఆవిడ ముందు నిలబడి "నేనూ మీలాగే ఒక్క గేరు సైకిలే తొక్కుతానమ్మా" అంటే ఏమంటుంది? ఏమీ అనదు, నన్ను దాటుకుని పనికెళ్ళిపోతుంది.

మన తెలుగునేల మీద సైకిలుకీ ధర్మానికీ ముడిపడ్డ పేరు పుచ్చలపల్లి సుందరయ్యగారిది. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న కుటుంబంలో 1913లో పుట్టారు. పేరు చివరి రెడ్డిని వదిలేశారు. వాటాకొచ్చిన ఆస్తిని ఉద్యమానికిచ్చేశారు. 1952లో రాజ్యసభకి వెళ్ళాక పార్లమెంటుకి సైకిలు మీద వెళ్ళేవారు. ఆ తర్వాత శాసనసభకీ అంతే. మా చిన్నప్పుడు ఈ కథ చెప్పని సోషల్ మాస్టారు లేరు. కమ్యూనిస్టులంటే గిట్టని వాళ్ళు కూడా చెప్పేవారు.

ఆయనది ఉపవాసమా, పస్తా? ఆలోచించిన కొద్దీ రెండూ కాదనిపిస్తుంది. పుట్టుకతో వచ్చింది కాదు గనక పస్తు కాదు. ఆస్తి ఇచ్చేశాక వెనక్కి తిరిగి తీసుకునే వీలు లేదు గనక ఉపవాసమూ కాదు. ఫిక్స్‌డ్ సైకిలుతో పోలిక ఏదైనా నాకు సమ్మతమైతే ఇక్కడే, పల్లమొచ్చినా కాళ్ళు ఆపే వీలు తనకి తాను లేకుండా చేసుకున్నాడు. నా చక్రానికి రెండోవైపు ఫ్రీవీలు ఉంది, నట్లు విప్పే పానా నా సంచీలోనే ఉంది. ఆయన జీవితం గురించి చెప్పేటప్పుడు మనం సాధారణంగా మరిచిపోయే మనిషి లీలగారు. పిల్లలు వద్దన్న నిర్ణయం ఆ దంపతులిద్దరూ కలిసి తీసుకున్నది. ఆయన నిరాడంబరతకి చెల్లించిన మూల్యంలో సగం ఆవిడది. తెలిసి, ఒప్పుకుని చెల్లించారు. నాకు సైకిలు కన్నా ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఎందుకంటే మన ఇళ్ళలో ఉపవాసాల సంగతి మనకి తెలుసు. ఏకాదశి నాడు ఉపవాసం మా తాతగారిది. సాయంత్రం ఫలహారానికి ఉప్పుడుపిండి రవ్వ విసురుకుని, కట్టెల పొయ్యి ఊదుకుని, మడి కట్టుకుని చేసేది మా మామ్మ. మిగతావాళ్ళందరికీ మామూలు వంట ఎలాగూ ఉంటుంది. అంటే తాతగారు తిననందుకు ఆవిడకి రెండు వంటలు. ఊళ్ళో పేరు తాతగారికి, మహా నిష్ఠాపరుడని. గాంధీగారిని పేదరికంలో ఉంచడానికి ఎంత ఖర్చవుతుందో ఆయనకి తెలీదని సరోజినీ నాయుడు ఛలోక్తి విసిరారని చెప్పుకుంటారు. ఆవిడ హైదరాబాదులో పెద్ద ఇల్లు నడిపిన మనిషి, అలాంటి లెక్కలు ఆవిడకి వెంటనే తెలుస్తాయి.

ఆ లెక్క మా ఇంట్లోకి కూడా వచ్చింది. నా భార్య ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఒక శనివారం ఇద్దరం కూర్చుని వారం మొత్తం మీద ఎవరెవరు ఎక్కడికి కారు తోలుతున్నామో కాగితం మీద రాశాం. అమ్మాయి ఈత క్లాసు, ఇండియన్ షాపులో ఇరవై కిలోల బియ్యం, వానరోజు బడి, పళ్ళ డాక్టరు. నేను సైకిలు వల్ల తోలనివి రోజుకి పదహారు కిలోమీటర్లు. వాటిలో కొన్ని ఆవిడ ఖాతాలోకి మారాయి. "మీరు సైకిలు మీదెళ్తారని మీ ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారు. మీ సైకిలుకి నేను ఇంకో గేరునని ఎవరికీ తెలీదు," అంది. కోపంగా కూడా కాదు, పప్పు ఏరుతూ.

ఆ మాటలో కొట్టిపారేయడానికి ఏమీ లేదు. ఇవాన్ ఇలిచ్ 1974లో వచ్చిన 'ఎనర్జీ అండ్ ఈక్విటీ' అనే చిన్న పుస్తకంలో కారు ఖరీదుని గంటల్లో లెక్కగట్టాడు. అప్పటి సగటు అమెరికను కారులో కూర్చున్న సమయం, దాని కిస్తీలు, పెట్రోలు, ఇన్సూరెన్సు సంపాదించడానికి పట్టిన సమయం అన్నీ కలిపితే ఏడాదికి 1,600 గంటలు. వెళ్ళింది 7,500 మైళ్ళు. అంటే గంటకి అయిదు మైళ్ళు కూడా లేదు, నడక కన్నా కాస్త నయం. సైకిలు అభిమానులందరికీ ఈ లెక్క కంఠస్థం. కానీ ఇలిచ్ లెక్క అటూ ఇటూ రెండువైపులా పనిచేస్తుంది. ఒకరి వేగం ఎవరి సమయాన్ని తింటోందని ఆయన అడిగితే, ఒకరి నెమ్మది ఎవరి సమయాన్ని తింటోందని ఇంట్లో వాళ్ళూ అడగొచ్చు. సైకిలు వాడకం వల్ల లోకానికి ఒరిగే మేలు పక్కింటావిడ చెల్లించి, పుణ్యం మాత్రం నేను కట్టుకుంటే, అది తాతగారి ఏకాదశే.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఇదీ. మంగళ, గురువారాలు కారు నాది. ఈత క్లాసు, బియ్యం, పళ్ళ డాక్టరు ఆ రోజుల్లోకి సర్దుకోవాలి. వానొస్తే బడి నా పని, సైకిలు గ్యారేజీలో. మిగతా మూడు రోజులూ సైకిలు. అయిదు రోజులు మూడయ్యాయని నా ఆఫీసు స్నేహితుడు ఒకడు, ఇదేం నిష్ఠ అన్నట్టు, పెదవి విరిచాడు. వాడికి పిల్లలు లేరు.

ఇంతా చెప్పి ఆ మూడు రోజులైనా ఎందుకు తొక్కాలి, ఇష్టం తప్ప ఇంకేమీ లేదా అంటే, ఒకటుంది. సేన్ విభజనలో ఉపవాసం ఉన్నవాడికి తినే వీలుంది. దాన్ని తిరగేసి చూడండి. రోజూ కడుపునిండా తినేవాడికి తినకుండా ఉండే వీలుందా? పైకి ఉన్నట్టే ఉంటుంది. ఎప్పుడూ ఉండి చూడనివాడికి రెండు గంటలు ఆలస్యమైతేనే కళ్ళు తిరుగుతాయి. కార్ల విషయంలో మనం అలా తయారయ్యాం. తలసరి కార్లలో ప్రపంచంలో ముందువరసలో ఉన్న దేశం ఇది. పాల డబ్బా కోసం నాలుగు వందల మీటర్లు కారేసుకెళ్ళే మనవాళ్ళు నాకు డజను మంది తెలుసు. వాళ్ళకి కారు ఒక ఎంపిక అంటే నేనొప్పుకోను. రెండోది చెయ్యగలిగితేనే మొదటిది ఎంపిక.

2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి ఈ ఊరు కూలింది. 185 మంది పోయారు. మేం అప్పటికింకా రాలేదు, 2013లో వచ్చాం. మా ఆఫీసులో ఆ రోజు ఇక్కడున్నవాళ్ళు దాని గురించి ఎక్కువ మాట్లాడరు. మాట్లాడినప్పుడు మాత్రం ఇంటికెలా వెళ్ళారో చెప్తారు. రోడ్లు చీలి బురద ఉబికింది, సిగ్నళ్ళు లేవు, కార్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. చాలామంది నడిచే వెళ్ళారు. నడిబొడ్డున పార్కింగు భవనాల్లో ఉండిపోయిన కార్లు కంచె అవతల వారాలు, నెలల తరబడి చిక్కుకుపోయాయి. ఒక సహోద్యోగి ఆ తర్వాత మూడు నెలలు కొడుకు సైకిలు మీద వచ్చిందట. అంతకుముందు ఇరవై ఏళ్ళుగా సైకిలెక్కలేదు. "మొదటి వారం ఏడుపొచ్చింది, నాలుగో వారానికి కాళ్ళకి గుర్తొచ్చింది," అంది.

నాకు కావలసింది ఆ కాళ్ళ గుర్తే. ఇంకో భూకంపం కోసం కాచుకుని కూర్చున్నానని కాదు. ఉద్యోగం పోవచ్చు, పెట్రోలు కొనలేని రోజు రావచ్చు, లేదా ఏదీ రాకపోవచ్చు. తక్కువతో గడపగలగడం ఒక సామర్థ్యం. పేదవాళ్ళకి అది బలవంతాన వస్తుంది, మనలాంటివాళ్ళకి కావాలని నిలుపుకుంటే తప్ప ఉండదు. నాన్నగారికి ఈ మాటే చెప్పాను. "అయితే నేనిచ్చిన ఆస్తి నీకదొక్కటే మిగిలిందన్నమాట," అన్నారు. ఒప్పుకున్నారో లేదో ఇప్పటికీ తెలీదు. కిందటేడు ఇక్కడికొచ్చినప్పుడు మాత్రం సైకిలు చైను వేలితో నొక్కి చూసి, "వదులైంది, ఒక లింకు తీయించు," అన్నారు. నిజంగానే వదులైంది.

మిగిలింది మా అమ్మాయి. దానికి పదకొండేళ్ళు. నా ఉపవాసాన్ని దాని మీద పెట్టే హక్కు నాకు లేదు. పెడితే దానికి అది పస్తే. అందుకని ఏడు గేర్లున్న సైకిలు కొన్నాం. షాపులోనే అన్ని గేర్లూ మార్చి చూసుకుని, ఎరుపు రంగుది ఏరుకుంది. ఆదివారాలు హాగ్లీ పార్కులో చెట్ల కింద తొక్కుతుంది. నెల రోజులు గమనించాను, ఎప్పుడూ నాలుగో గేరులోనే ఉంటోంది. ఎందుకే అని అడిగితే, "మార్చడం బద్ధకం నాన్నా," అంది.